సిలబస్ తగ్గుతోంది.. పొట్ట పెరుగుతోంది!

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కొండల సంగతేమో గానీ, కూర్చుని చదివితే పొట్ట మాత్రం పెరుగుతుంది. అనుమానముంటే డిగ్రీ ఫైనలియర్‌లో కొన్న ప్యాంటు ఓసారి బయటికి తీయండి. రెండేళ్ల ప్రిపరేషన్ తర్వాత కూడా ఊపిరి బిగబట్టకుండా దాని హుక్కు పడుతోందంటే ఈ పేజీ తిప్పేయొచ్చు. మిగతావాళ్లు కాసేపు ఆగండి.

మీ రోజు ఎలా గడుస్తుందో ఊహించడం కష్టమేమీ కాదు. ఎనిమిదికి మెస్‌లో టిఫిన్, తొమ్మిదికల్లా చదువుకునే చోట సీటు. అది హైదరాబాద్ చిక్కడపల్లిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీ కావొచ్చు, నంద్యాలలో బ్యాంకు కోచింగ్ వాళ్ల రీడింగ్ రూమ్ కావొచ్చు, ఊళ్లో మీ ఇంటి వెనక గదే కావొచ్చు. మధ్యాహ్నం అన్నం, మళ్లీ కుర్చీ. నిద్ర ఆపుకోవడానికి టీ, దానికి తోడు రెండు మిర్చి బజ్జీలు. రాత్రి తొమ్మిదిన్నరకి మళ్లీ అన్నం, ఒంటిగంట దాకా మాక్ టెస్టు. మొత్తమ్మీద నడిచిందల్లా హాస్టల్ నుంచి లైబ్రరీకి, లైబ్రరీ నుంచి టీ కొట్టుకి. కాలేజీ రోజుల్లో కనీసం బస్సు వెనక పరిగెత్తేవాళ్లు, సాయంత్రం క్రికెట్ ఆడేవాళ్లు. తిండి మారలేదు, కదలిక పోయింది. ఆ తేడా అంతా నడుము చుట్టూ చేరింది.

ఉద్యోగానికీ పొట్టకూ ఏంటి సంబంధం?

అన్ని ఉద్యోగాలకూ లేదు. ఈ మాట ముందే చెప్పేయాలి. సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటర్వ్యూలో ఎవరూ టేపు పట్టుకుని కూర్చోరు. ‘పొట్ట ఉంటే సెలెక్ట్ చేయరట’ అని భయపెట్టేవాళ్ల మాట పట్టించుకోవద్దు. ఇంటర్వ్యూకి సరిపోయే కొలతలో చొక్కా కుట్టించుకోండి, చాలు. బిగుతు చొక్కా వేసుకుని గంటసేపు ఊపిరి బిగబట్టి కూర్చుంటే వచ్చిన జవాబు కూడా రాదు.

యూనిఫాం ఉద్యోగాల సంగతి వేరు. అక్కడ లెక్క సెకన్లలో ఉంటుంది. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం పోలీసు ఉద్యోగాలకు పురుషులు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ ఎంపికలో పురుషులకు 1600 మీటర్లకు 8 నిమిషాలు. ఎస్‌ఎస్‌సీ జీడీ కానిస్టేబుల్‌కైతే 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు. కొత్త నోటిఫికేషన్‌లో ఈ అంకెలు మారొచ్చు కాబట్టి అది వచ్చాక చూసుకోండి. 1600 మీటర్లంటే 400 మీటర్ల ట్రాక్‌పై నాలుగు రౌండ్లు. తెలంగాణ లెక్కన ఒక్కో రౌండ్‌కి దొరికేది 1 నిమిషం 48 సెకన్లు. రెండో రౌండ్ దాకా అందరూ బాగానే పరిగెత్తుతారు. మూడో రౌండ్‌లో తేలుతుంది అసలు సంగతి. ఒంటిమీద అదనంగా 5 కిలోలు ఉండటమంటే, ఐదు లీటరు నీళ్ల సీసాలు సంచిలో వేసుకుని, ఆ సంచి భుజాన తగిలించుకుని పరిగెత్తడం లాంటిదే. ప్రిలిమ్స్‌లో మంచి మార్కులు తెచ్చుకుని గ్రౌండ్‌లో వెనుదిరిగిన అభ్యర్థులు ప్రతి రిక్రూట్‌మెంట్‌లోనూ కనిపిస్తారు. వాళ్లలో చాలామంది ఈవెంట్స్ తేదీలు వచ్చాకే బూట్లు కొన్నవాళ్లు.

ఇక బ్యాంకు, గ్రూప్స్, సాఫ్ట్‌వేర్ అంటున్నవాళ్లకి గ్రౌండ్ లేదు. కానీ ఉద్యోగం వచ్చాక ముప్పై ఏళ్లకి పైగా చేయాల్సిన పని కూడా కుర్చీలోనే.

తక్కెడ చెప్పని నిజం

‘నా బరువు నార్మలే’ అని నిశ్చింతగా ఉండకండి. మనవాళ్ల శరీరానికి ఓ ప్రత్యేకత ఉంది. చేతులు, కాళ్లు సన్నగా ఉంటాయి, కొవ్వు మాత్రం పొట్టలో దాక్కుంటుంది. పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ దీన్ని చాలా తమాషాగా చూపించారు. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఆయన, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడిన ఫొటో వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం! తక్కెడ దృష్టిలో ఇద్దరూ సమానమే. మన దగ్గర సన్నగా కనిపించేవాళ్లకి కూడా షుగర్ త్వరగా రావడం వెనక ఉన్న కారణాల్లో ఇదొకటి.

అందుకే తక్కెడ కంటే దర్జీ టేపు నయం. చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ సరిగ్గా మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా కొలవండి. మన దక్షిణాసియా వాళ్లకి మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు హద్దు. దాటితే జాగ్రత్త పడాలి. ప్యాంటు సైజు 34 కదా అనుకుంటే లెక్క తప్పుతుంది. చాలామంది ప్యాంటు పొట్ట కిందికి జార్చి వేసుకుంటారు, కాబట్టి ఆ సైజు మీ పొట్టది కాదు.

మెడ వెనక చర్మం నల్లగా, మందంగా మారిందేమో కూడా అద్దంలో చూసుకోండి. సబ్బుతో రుద్దినా పోని ఆ నలుపు చాలాసార్లు మురికి కాదు. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదని శరీరం ఇచ్చే సూచన కావొచ్చు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే ఓసారి రక్తపరీక్ష చేయించుకోవడం మంచిది.

వంద క్రంచెస్ కొడితే కరుగుతుందా?

కరగదు. ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి. పొట్ట కండరాలకి వ్యాయామం చేస్తే ఆ కండరాలు గట్టిపడతాయి. వాటి పైన పరుచుకున్న కొవ్వు మాత్రం అక్కడికక్కడే ఖర్చవదు. శరీరం కొవ్వును ఒంటి నిండా ఉన్న నిల్వల నుంచి తీసుకుంటుంది, ఎక్కడి నుంచి ముందు తీయాలో మనల్ని అడగదు. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల చేతులు పరీక్షించిన పరిశోధకులకి ఇదే తేలింది. ఏళ్ల తరబడి రాకెట్ తిప్పిన చేతిలో కండ పెరిగింది గానీ, చర్మం కింద కొవ్వు మందం రెండు చేతుల్లోనూ దాదాపు ఒకటే. 2011లో అమెరికాలో ఓ చిన్న అధ్యయనం చేశారు. కొందరి చేత ఆరు వారాలపాటు, వారానికి ఐదు రోజులు కేవలం పొట్ట వ్యాయామాలే చేయించారు. కండరాల ఓర్పు పెరిగింది. పొట్ట కొవ్వు తగ్గలేదు.

మరి తగ్గేదెలా? తిన్నదానికంటే ఖర్చు కాస్త ఎక్కువగా ఉండాలి, అంతే. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయి. రోజుకి 500 కేలరీల లోటు తెచ్చుకుంటే కిలో తగ్గడానికి పదిహేను రోజులు పడుతుంది. ‘వారంలో ఐదు కిలోలు’ అనే ప్రకటన ఎదురైనప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ చదివినవాళ్లకి ఇదేమంత పెద్ద సమస్య కాదు. ఆ వారంలో పోయేది ఎక్కువగా నీరే. నడుముకి చుట్టుకునే చెమట బెల్టుల కథా అంతే. చెమట రూపంలో పోయింది రెండు గ్లాసుల నీళ్లు తాగగానే తిరిగొస్తుంది. పేరూ ఊరూ లేని పొడులు, ‘ఫ్యాట్ బర్నర్’ మాత్రల జోలికి అసలు వెళ్లొద్దు.

మెస్ భోజనంతోనే సాధ్యం

‘ఓట్స్, అవకాడో తినండి’ అని చెప్పే వీడియోలు హాస్టల్ విద్యార్థికి పనికిరావు. మీ చేతిలో ఉన్నది నెలకి కట్టిన మెస్ బిల్లు, అందులో వచ్చే అన్నం, పప్పు, ఒక కూర, సాంబారు, పెరుగు. దీంతోనే పని కానివ్వాలి.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజువారీ కేలరీల్లో ధాన్యాల నుంచి వచ్చేవి 45 శాతం మించకూడదని ఉంది. మెస్‌లో మన కంచం చూడండి. అన్నం కొండలా, కూర దాని పక్కన గులకరాయిలా ఉంటుంది. అలాగని అన్నం మానేయమని ఎవరూ అనడం లేదు. అన్నం మానేసినవాళ్లు సాయంత్రం ఆరింటికి బజ్జీల బండి దగ్గర దొరుకుతారు. చేయాల్సింది మార్పిడి. మెస్‌లో మామూలుగా పప్పు, సాంబారు, మజ్జిగ రెండోసారి అడిగినా కాదనరు. కాబట్టి రెండోసారి అన్నం వడ్డించుకునే చోట పప్పు వడ్డించుకోండి. పప్పు గిన్నెలో అడుగు నుంచి గరిటె తిప్పి తీసుకోవాలని వేరే చెప్పాలా! అన్నం మొదట పెట్టుకునేటప్పుడే ఓ హస్తం తగ్గించండి. వండిన అన్నం 100 గ్రాములకి 130 కేలరీల దాకా ఉంటాయి, రెండు పూటలా కాస్త కాస్త తగ్గినా లెక్క కలిసొస్తుంది. గదిలో ఒక కీరా, రెండు క్యారెట్లు కోసుకుని భోజనానికి తోడుగా తీసుకెళ్తే మొదట్లో స్నేహితులు నవ్వుతారు. వారం తర్వాత మీ ముక్కలే తింటారు.

ప్రొటీన్ ఉంటే కడుపు నిండినట్టుంటుంది, మళ్లీ త్వరగా ఆకలేయదు. ఉడికించిన గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్, 70-75 కేలరీలు ఉంటాయి. ఈ ధరకి ఇంత మంచి తిండి ఇంకోటి దొరకడం కష్టం. గుడ్డు తిననివాళ్లకి సెనగల గుగ్గిళ్లు, ఉడికించిన పల్లీలు ఓ గుప్పెడు, పెసరట్టు ఉన్నాయి. టిఫిన్ సెంటర్‌లో పూరీ, మైసూర్ బోండా వైపు కళ్లు లాగుతాయి. వారానికోసారైతే ఫర్వాలేదు. ఆదివారం బిర్యానీ కూడా మానక్కర్లేదు, కూల్‌డ్రింక్ మాత్రం పక్కన పెట్టండి. 250 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు ఆరు చెంచాల చక్కెర ఉంటుంది.

ఇక టీ. చాలామందికి ఇదే దొంగ దారి. కొట్టు టీలో రెండు చెంచాల చక్కెర అనుకుంటే, రోజుకి ఐదు టీలకి పది చెంచాలు, అంటే 40 గ్రాములు. చక్కెర రోజుకి 25-30 గ్రాములు దాటొద్దన్నది అదే సంస్థ సలహా. టీ మానలేకపోతే చక్కెర సగం వేయమని చెప్పండి, రోజుకి రెండుకి దించండి. రెండు వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. సాయంత్రం టీతో పాటు వచ్చే పునుగులు, బజ్జీలే అసలు సమస్య అని ఒప్పుకుంటే సగం పని అయినట్టే. ఐదున్నరకి జేబులో గుగ్గిళ్లో, ఒక జామకాయో ఉంటే ఆ బండి దాటి రావచ్చు. ఖాళీ కడుపుతో దాటడం ఎవరి వల్లా కాదు.

కంగారుగా మింగకండి. ఫోన్‌లో క్లాసు చూస్తూ ఐదు నిమిషాల్లో భోజనం ముగించేవాళ్లు గాలి కూడా మింగుతారు. సాయంత్రానికి ఉబ్బినట్టు కనిపించే పొట్టంతా కొవ్వు కాదు, కొంత గ్యాసే.

గదిలో, మేడ మీద, గ్రౌండ్‌లో

పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం లేదా 75 నిమిషాలు గట్టి వ్యాయామం చేయాలని, కనీసం రెండు రోజులు కండరాలకి పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐదు రోజులు, రోజుకి అరగంట. జిమ్ ఫీజు అక్కర్లేదు. పొద్దున ఆరింటికి వేగంగా నడవండి. మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఆ వేగం సరైనది. రెండు వారాలయ్యాక రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక చొప్పున కలపండి. పరుగు నిమిషాలు నెమ్మదిగా పెంచండి.

ఈవెంట్స్‌కి వెళ్లేవాళ్లు ఆరు వారాల తర్వాత వారానికోసారి 400 మీటర్లు పరిగెత్తి, రెండు నిమిషాలు నడిచి, మళ్లీ 400 పరిగెత్తడం నాలుగుసార్లు చేయాలి. ప్రతి రౌండ్ సమయం రాసుకోండి. మొదటి రౌండ్ ఒకటిన్నర నిమిషంలో కొట్టి నాలుగోది రెండున్నరకి ఈడ్చేవాళ్ల కంటే, నాలుగూ 1:45లో పూర్తి చేసేవాళ్లే నెగ్గుతారు. చెప్పులతో, అరిగిన బూట్లతో పరిగెత్తొద్దు. మోకాలి కింద ముందు ఎముక పట్టుకుంటే రెండు మూడు రోజులు ఆపండి. నొప్పిని ఓర్చుకుంటూ పరిగెత్తితే నెల రోజులు మంచం మీదే. పరిగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే ఆగి డాక్టర్‌కి చూపించుకోవాలి.

వారానికి మూడు రోజులు గదిలో పదిహేను నిమిషాలు చాలు. గుంజీలు మనకి కొత్త కాదు, స్కూల్లో శిక్షగా తీసినవే. ఇప్పుడు మడమలు నేలకి ఆనించి, నడుము నిటారుగా పెట్టి పదిహేను తీయండి. పుషప్స్ రానివాళ్లు గోడకి చేతులు ఆనించి మొదలుపెట్టి, తర్వాత మంచం అంచుకి, ఆ తర్వాత నేల మీదికి రావాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే బ్రిడ్జ్, కూర్చుని కూర్చుని బద్ధకించిన పిరుదుల కండరాలని లేపుతుంది. ప్లాంక్ 20 సెకన్లతో మొదలుపెట్టి నిమిషం దాకా పెంచితే సరిపోతుంది. పొట్ట లోపలి కండరాలకి ‘డెడ్ బగ్’ చాలా మంచిది. పేరు విని నవ్వకండి, నిజంగానే వెల్లకిలా పడిన పురుగులా చేయాలి. పడుకుని చేతులు పైకి, మోకాళ్లు మడిచి కాళ్లు పైకి. నడుము నేలకి అదిమి ఉంచి కుడి చేయి, ఎడమ కాలు నెమ్మదిగా చాపాలి, తిరిగి తేవాలి. తర్వాత రెండోవైపు. నడుము నేల నుంచి లేచిపోతోందంటే కాలు మరీ ఎక్కువ చాపుతున్నారని అర్థం. సూర్య నమస్కారాలు వచ్చినవాళ్లు వాటినే చేయొచ్చు, పన్నెండు ఆసనాల్లో ఒళ్లంతా కదులుతుంది. మెడ పట్టుకుని లాగుతూ చేసే సిటప్స్ మాత్రం వదిలేయండి, నడుము నొప్పి తప్ప వచ్చేదేం లేదు.

గంట వ్యాయామం చేసి పదకొండు గంటలు కూర్చుంటే లాభం తగ్గుతుంది. ముప్పావు గంటకోసారి లేవండి. కరెంట్ అఫైర్స్ ఆడియో వినేది కూర్చునే ఎందుకు? మేడ మీద నడుస్తూ వినండి. కుర్చీలో జారగిలబడి కూర్చునేవాళ్లకి, నడుము ముందుకి వంగి నిలబడేవాళ్లకి ఉన్న పొట్ట ఇంకా పెద్దగా కనిపిస్తుంది. అద్దంలో పక్కకి తిరిగి నిటారుగా నిలబడి చూడండి, తేడా తెలిసిపోతుంది.

అమ్మాయిల సంగతి

‘గ్రౌండ్‌కి వెళ్లండి’ అని రాయడం తేలిక. లేడీస్ హాస్టల్ గేటు ఆరున్నర దాకా తీయరు, బయట ఒంటరిగా పరిగెత్తితే చూపులు. ఇద్దరు ముగ్గురు కలిసి మేడ మీద మొదలుపెట్టడం నయం, స్కిప్పింగ్ తాడు ఒకటుంటే చాలు. 800 మీటర్ల లక్ష్యం ఉన్నవాళ్లు వారానికి రెండు రోజులైనా దగ్గర్లోని కాలేజీ గ్రౌండ్‌కి జట్టుగా వెళ్లాలి, ట్రాక్ అలవాటు కావాలంటే వేరే దారి లేదు.

పొట్ట తగ్గాలని రాత్రి భోజనం మానేయడం అమ్మాయిల్లో ఎక్కువ. వద్దు. మన దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తిండి తగ్గించే ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో చూసుకోండి. అది తక్కువగా ఉంటే ఎంత సాధన చేసినా పరుగులో ఆయాసం తగ్గదు. నెలసరి క్రమం తప్పి, పొట్ట త్వరగా పెరుగుతూ, ముఖం మీద వెంట్రుకలు వస్తుంటే పీసీఓఎస్ కావొచ్చు, గైనకాలజిస్టుని కలవాలి. దానికీ వ్యాయామం మేలు చేస్తుంది, కానీ ముందు విషయం తెలియాలి.

నైట్ అవుట్‌ల లెక్క

అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 2022లో ఓ అధ్యయనం ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని రెండు వారాలు రోజుకి నాలుగు గంటలే పడుకోనిచ్చారు. తిండి వాళ్లిష్టం. ఆ రోజుల్లో వాళ్లు రోజుకి 300 కేలరీలకి పైగా ఎక్కువ తిన్నారు, పొట్ట లోపలి అవయవాల చుట్టూ చేరే కొవ్వు 11 శాతం పెరిగింది. మన నైట్ అవుట్‌లో జరిగేదీ ఇదే. రెండింటికి మ్యాగీ, మూడింటికి టీ, పొద్దున్నే కళ్లు మంటలు. ఏడు గంటల నిద్ర తీసి టైమ్‌టేబుల్‌లో పెట్టుకుని, మిగిలినదాన్ని సబ్జెక్టులకి పంచండి. రాత్రి భోజనం ఎనిమిదికల్లా ముగిస్తే అర్ధరాత్రి ఆకలేస్తుందన్న భయం ఉంటుంది. పదకొండున్నరకి పడుకునేవాళ్లకి ఆ భయం లేదు.

కొలత ఎప్పుడు?

రోజూ టేపు తీయొద్దు, నిరుత్సాహం తప్ప ఏమీ రాదు. రెండు వారాలకోసారి, ఆదివారం పొద్దున టిఫిన్‌కి ముందు, ఒకే చోట కొలిచి నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకోండి. చాలామందిలో మొదట తేలికయ్యేది ఆయాసం. మూడో అంతస్తు మెట్లెక్కినా మాట తడబడదు. తర్వాత పరుగు సమయం తగ్గుతుంది. టేపు కదలడానికి నెల పడుతుంది, అద్దంలో తేడా ఇంకా ఆలస్యం. ఆరు వారాలైనా టేపు కదల్లేదంటే వ్యాయామం పెంచే ముందు ఓ పని చేయండి. మూడు రోజులపాటు నోట్లో వేసుకున్న ప్రతిదీ, టీలతో సహా, ఆ పేజీలోనే రాయండి. తప్పు ఎక్కడుందో సాధారణంగా సాయంత్రం ఐదుకీ ఏడుకీ మధ్య దొరుకుతుంది.